రావమ్మ పడుగు కేసు

"రావమ్మా, పడుగెక్కించాం. వస్తావా?"

పొద్దున్నే ఈ కేక వినపడితేగానీ వెంకటరావమ్మకి తెల్లవారినట్టు ఉండేది కాదు. కేక ఏ గుమ్మం నుంచి వచ్చినా సరే, పొయ్యి మీదున్న గిన్నె దింపి, బూడిద పోసిన కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని బయల్దేరేది. ఉయ్యూరు దాటాక కాలవ గట్టున ఉన్న ఆ ఊళ్లో మగ్గాల వీధి ఒక్కటే. ఆ వీధిలో రావమ్మ చెయ్యి తగలని మగ్గం లేదు.

ఆవిడ నేసేది కాదు. నేత భర్త భావనారాయణది. ఆవిడది అతుకుపని. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయి కొత్త పడుగు ఎక్కించినప్పుడు, పాత పోగుల కొసలు మగ్గంలోనే వదిలేస్తారు. వాటికి కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే తెచ్చి అతకాలి. బూడిదలో వేళ్లు అద్దుకుని, పాత కొస, కొత్త కొస పక్కపక్కన పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక్క నలుపు నలిపితే రెండూ ఒకటైపోవాలి. ముడి ఉండకూడదు, ఉబ్బు ఉండకూడదు, లాగితే ఊడకూడదు. అలా వేల పోగులు. ఓపిక లేనివాళ్లు ఆ పని జోలికి పోరు. ఓపిక ఉన్నవాళ్లు కూడా మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరో ఒకరి మీద విసుక్కుంటారు. రావమ్మ మాత్రం చేతులు ఆడుతున్నంతసేపూ నోరు కూడా ఆడించేది. ఎవరింట్లో ఏ కూర మాడిందో, ఎవరి కోడలు ఎవరి మాట వినదో ఆవిడ అతుకుపనికి వచ్చిన రోజునే అందరికీ తెలిసేది. మగ్గం మగవాళ్లు పైకి విసుక్కునేవాళ్లు గానీ, ఆవిడ రాకపోతే ఇల్లు చిన్నబోయినట్టుందని వాళ్లే అనేవాళ్లు.

ఆ వీధికి ఇంకో అలవాటుంది. పడుగుకి గంజి పెట్టాలంటే ఇంట్లో చోటు చాలదు. అందుకని తెల్లవారగానే, ఎండ ముదరకముందే, పడుగుని వీధి పొడుగునా సాగదీసి, కత్తెరలా కట్టిన వెదురు కర్రల మీద పరుస్తారు. అది ఎవరి పడుగైనా నాలుగిళ్లవాళ్లూ వచ్చి చెయ్యి వేస్తారు. ఈ వీధికి అడ్డంగా కాలవ గట్టు నుంచి ఒక సందు దాటుతుంది. సందులోంచి బండి వస్తే, బండివాడు మలుపులో ఆగి "పడుగు లేపండర్రా!" అని అరుస్తాడు. వీళ్లు పంగ కర్రలతో పడుగుని పైకెత్తుతారు. బండివాడు తల వంచుకుని కిందినుంచి దాటిపోతాడు. గడ్డిబండి అయితే మాత్రం గంజి ఆరి పడుగు చుట్టేదాకా ఆగుతుంది. ఎందుకాగాలని ఎవడూ అడగడు. తాతల నాటినుంచీ అంతే. ఎద్దులకి కూడా తెలుసేమో, ఆ సందు మొదట్లోకి రాగానే వాటంతటవే నిలబడేవి.

డెబ్బై రెండో సంవత్సరం ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక వ్యాను వచ్చింది. బెజవాడ నుంచి ఇనప మంచాలు వేసుకుని అవనిగడ్డ వైపు పోతోంది. గట్టు రోడ్డు మీద కంకర పోస్తున్నారని ఎవరో చెబితే డ్రైవరు సందులోకి తిప్పాడు. డ్రైవరు పేరు ఆమోసు, ఇబ్రహీంపట్నం మనిషి. ఆ దారికి కొత్త. మలుపులో హారను కొట్టాడు. వీధిలో వాళ్లు బండికి చేసే మర్యాదే వ్యానుకీ చేశారు. పంగ కర్రలతో పడుగుని పైకెత్తి పట్టుకున్నారు. పాపం, దారి ఇస్తున్నారు, మంచివాళ్లు అనుకుని ఆమోసు ముందుకి పోనిచ్చాడు. అంతా మర్యాదగానే జరిగింది, ప్రమాదంతో సహా.

వ్యాను పైకప్పు దాటింది. వెనక కట్టిన మంచం కోడు ఒకటి ఆకాశంలోకి లేచి ఉన్న సంగతి ఎవరూ చూడలేదు. అది పడుగులో చిక్కుకుంది. కర్రలు పట్టుకున్నవాళ్లు కర్రలు వదిలేసి పక్కకి దూకారు. కొసలు పట్టుకున్నవాళ్లు కొసలు వదిలేశారు. నడిమధ్యలో రావమ్మ తెగిన పోగులు అతుకుతూ, ఒక గుత్తి పోగుల్ని కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ చుట్టుకుని ఉంది. చెయ్యి విప్పితే పోగులు జారిపోయేవి. కానీ జారిపోతున్న పడుగుని చూసి చెయ్యి విప్పడం ఆవిడ ఎన్నడూ నేర్చుకోలేదు. బిగించింది. వ్యాను సందు చివరిదాకా పోయి ఆగేసరికి నూలు ఎముక దాకా కోసుకుపోయింది.

ఆమోసు దిగి చూసి లబోదిబోమన్నాడు. మంచాలన్నీ వీధిలోనే దించేసి, ఆవిడని వ్యానులో పడుకోబెట్టి, భావనారాయణని పక్కన కూర్చోబెట్టి బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టర్లు వేళ్లు నిలబెట్టారు. చూడ్డానికి రెండు వేళ్లూ ఉన్నాయి. వంగవు, అంతే. గరిటె పట్టుకోవచ్చు, చీపురు పట్టుకోవచ్చు. పోగు పట్టుకోవడానికి మాత్రం లేదు.

అక్కడితో కేక ఆగిపోయింది.

ఎవరూ చెడ్డవాళ్లు కారు. అదే పెద్ద బాధ. రావమ్మ బాధపడుతుందని వీధిలోవాళ్లు ఆవిడ గుమ్మం ముందు బూడిద చిప్ప పట్టుకుని నడవడం కూడా మానేశారు. పక్కింటి సత్యం, భావనారాయణకి పెదతండ్రి కొడుకు, రోజూ అందరికంటే ముందు పిలిచే మనిషి, ఇప్పుడు అతుకుపనికి పక్క ఊరి అమ్మాయిని పెరటి దోవన తీసుకొచ్చేవాడు. గోడ అవతల ఆ అమ్మాయి నవ్వు వినపడేది. రావమ్మ పొయ్యి ఊదుకుంటూ కూర్చునేది. అన్నం వండటానికి రెండు చేతులూ కావాలి, ఆ చేతులున్నాయి. అయినా పొద్దున లేవగానే ఈ రోజు నేనెవరికీ అక్కరలేదన్న మాట గుండెలో గుచ్చుకునేది. కబుర్లు తగ్గిపోయాయి. భావనారాయణ మగ్గం గుంటలోంచి తలెత్తి "ఏదైనా చెప్పవే" అనేవాడు. "ఏముందయ్యా చెప్పడానికి" అనేది.

మధ్యాహ్నం పూట ఆయన కునుకు తీస్తున్నప్పుడు మగ్గం పక్కన, తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, పనికిరాని పోగుల్ని మగ్గం కొయ్యకి కట్టి ఎడంచేత్తో అతికి చూసేది. నలిపితే నిలబడినట్టే ఉండేది. వదలగానే రెండు కొసలూ విడిపోయేవి. ఎన్నిసార్లు నలిపినా అంతే. ఎడంచెయ్యి దద్దమ్మ చెయ్యని తిట్టుకునేది. భావనారాయణ కునుకు నటిస్తూ అన్నీ చూసేవాడు. ఏమన్నా అంటే ఏడుస్తుందని ఏమీ అనేవాడు కాదు.

కేసు సంగతి తెచ్చినవాడు మరియదాసు. బెజవాడలో ప్లీడరు. వాళ్లది ఆ పక్క పల్లే. వాళ్లమ్మ సువార్తమ్మ ఆదివారం గుడికి కట్టుకునే చీరలన్నీ ఈ వీధిలో నేసినవే. అమ్మ కోసం చీర కొనడానికి వచ్చి, రావమ్మ చెయ్యి చూసి, సంగతంతా విని, మండిపడ్డాడు.

"ఇంత జరిగితే ఊరుకున్నారా? మోటారు ప్రమాదాలకి ట్రైబ్యునల్ ఉందయ్యా. వ్యానుకి బీమా ఉంటుంది. ఆ డ్రైవరు జేబులోంచి ఇవ్వక్కర్లేదు, కంపెనీ ఇస్తుంది. చెయ్యి పోయింది కదా, పని పోయింది కదా!"

"ఆమోసుకేం కాదు కదండీ?" అని అడిగింది రావమ్మ. అతను ఆసుపత్రికి రెండుసార్లు అరటిపళ్లు తెచ్చి, మంచం పక్కన నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక వెళ్లిపోయిన మనిషి.

"ఏం కాదమ్మా."

భావనారాయణకి ఆశ పుట్టింది. పరిహారం వస్తే రెండో మగ్గం వేసుకోవచ్చని, దాని మీద ఎవరినైనా పెట్టుకుంటే రావమ్మ పని పోయిన లోటు తీరుతుందని. ఇంట్లో మూల ఒకటి ఖాళీ చేసి, అక్కడ గుంట తవ్వితే ఎలా ఉంటుందో అడుగులు వేసి చూసుకున్నాడు. తెగిన పడుగుని ఎవరికీ పారెయ్యబుద్ధి కాక అటక మీద పెట్టారు. మరియదాసు దాన్ని మూట కట్టించి కోర్టుకి సాక్ష్యంగా పట్టుకుపోయాడు.

తర్వాత జై ఆంధ్రా గొడవలు వచ్చాయి. కోర్టులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. అన్నీ సద్దుమణిగి వాళ్ల కేసు పిలుపుకి వచ్చేసరికి డెబ్బై నాలుగు వచ్చింది. అప్పుడు మరియదాసు రావమ్మని తన ఆఫీసులో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"నేను అబద్ధం ఒక్కటి కూడా చెప్పమనను. నిజమే చెప్పు. అతుకుపని చెయ్యగలవా అని అడుగుతాను. చెయ్యలేనండి, ఇక నాకు రాదండి అను. అంతే. ఏదీ, ఒకసారి అను."

రావమ్మ నోరు తెరిచింది. "చెయ్యలేనండి" వచ్చింది. రెండోది రాలేదు.

"ఇక నాకు రాదండి" అని అందించాడు మరియదాసు.

ఆవిడ తల దించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ అవతల నవ్వే అమ్మాయికి తెలుసు, వీధికి తెలుసు, తనకీ తెలుసు. అయినా నలుగురి ముందూ తన నోటితో అనడం వేరు. అంటే అయిపోయినట్టే. ఆ మాటని ప్లీడరు కాయితం మీద రాస్తాడు, జడ్జీగారు ముద్ర వేస్తారు, ఇంక ఆ పనికీ తనకీ రుణం తెగిపోతుంది. కానీ భావనారాయణ అడుగులు వేసుకున్న మూల గుర్తొచ్చింది. "అంటాలెండి, బాబుగారూ" అంది.

వాయిదా రోజున భావనారాయణ తను నేసిన కొత్త చీర కట్టుకోమన్నాడు. సాక్షిగా సత్యం కూడా వచ్చాడు. ముగ్గురూ పొద్దున్నే బస్సెక్కి బెజవాడ చేరారు. కోర్టు హాల్లో పైన పంకా ఒకటి తిరుగుతోంది, గాలి మాత్రం జడ్జీగారికే తగులుతోంది. రావమ్మని బోనెక్కించి ప్రమాణం చేయించారు. గుమాస్తా ఒకతను మూట విప్పి పడుగుని తెచ్చి బోను కడ్డీ మీద ఆవిడ ముందు పడేశాడు.

"ఈ పడుగు మీదేనా అమ్మా?" అని అడిగాడు మరియదాసు.

రావమ్మ దాన్ని ముట్టుకుంది. గంజి ఎండి కరకరలాడుతోంది. మధ్యలో రక్తం పట్టిన చోట నల్లగా ఉంది. "మాదేనండి. ఆ రోజుదే."

"ప్రమాదం కాకముందు నువ్వేం పని చేసేదానివి?"

చెప్పింది.

"ఇప్పుడు ఆ పని చెయ్యగలవా?"

వెనక బల్ల మీద భావనారాయణ కండువా కొస నలుపుకుంటున్నాడు. "చెయ్యలేనండి" అంది. చూపు పడుగు మీంచి తిప్పుకుంది. "ఇక నాకు రాదండి."

అయిపోయింది. లోపల ఏదో ఖాళీ అయినట్టుగా ఉంది. మరియదాసు తృప్తిగా కూర్చున్నాడు.

బీమా కంపెనీ తరఫు ప్లీడరు బసవపున్నయ్యగారు లేచారు. పెద్దాయన, మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడే ప్లీడర్లే ప్రమాదం.

"ఏమ్మా, వ్యాను నీకు తగిలిందా?"

"లేదండి. మంచం కోడు పడుగుకి తగిలింది."

"అంటే వ్యాను నిన్ను ముట్టుకోలేదు."

"లేదండి."

"పడుగు వదిలేస్తే నీకు దెబ్బ తగిలేదా?"

"తగిలేది కాదండి."

"మిగతావాళ్లందరూ వదిలేశారు కదా. నువ్వెందుకు వదల్లేదు?"

రావమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆయన ముఖంలోకి చూసింది, వేళాకోళమాడుతున్నాడేమోనని. "పడుగు కదండీ" అంది.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మరియదాసు గబుక్కున లేచి అభ్యంతరం చెప్పాడు. బసవపున్నయ్యగారు రోడ్డున్నది బళ్లు నడవడానికా, పడుగులు ఆరేసుకోవడానికా అన్నారు. అక్కడినుంచి ఇద్దరూ ఇంగ్లీషులోకి దిగారు. ఇక చూడాలి. లావుపాటి పుస్తకాలు వచ్చాయి, పేజీలు తిరిగాయి, ఒకాయన మద్రాసు తీర్పు అంటే ఇంకొకాయన బొంబాయి తీర్పు అన్నాడు. ప్లీడర్లకి ఇంగ్లీషు దొరికితే బోనులో మనిషి ఉన్నదన్న సంగతి కూడా మర్చిపోతారు.

రావమ్మ నిలబడే ఉంది. వాళ్ల మాటల్లో ఆవిడకి అర్థమైంది "రోడ్డు" ఒక్కటే. కాసేపు పంకా వంక చూసింది. కాసేపు గోడ మీద బల్లి వంక చూసింది. తర్వాత చూపు పడుగు మీద పడింది. రెండేళ్లుగా తెగి, కొసలన్నీ చెల్లాచెదరుగా, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఇంట్లో అయితే దాన్ని అలా ఒక్క పూట ఉండనిచ్చేది కాదు. తెగిన పోగుని చూస్తూ ఊరుకోవడం ఆ వీధిలో పుట్టినవాళ్లెవరికీ చేతకాదు.

కడ్డీ మీద బోలెడు దుమ్ముంది. ఆవిడ వేళ్లు దుమ్ములో అద్దుకున్నాయి. వంగని కుడివేళ్లతో ఒక కొసని కడ్డీకి అదిమి పట్టింది. ఎడంచేతి వేళ్లు రెండో కొసని తెచ్చి పక్కన పెట్టాయి, నలిపాయి, వదిలాయి. తర్వాత పోగు దగ్గరికి పోయాయి. ఇదంతా ఆవిడ చేస్తున్నది కాదు, ఆవిడ బల్లి గురించి ఆలోచిస్తోంది.

మొదట చూసినవాడు సత్యం. నోరు తెరిచి, భావనారాయణ డొక్కలో మోచేత్తో పొడిచాడు. భావనారాయణ చూశాడు. అతికిన పోగులు ఒక్కటి కూడా విడిపోవడం లేదు. అతనే లోకజ్ఞానం ఉన్న మనిషైతే గట్టిగా దగ్గాలి, దగ్గి ఆవిడని ఆపాలి. ఖాళీ చేసుకున్న మూల, రెండో మగ్గం, అన్నీ ఆ దగ్గు మీదే ఆధారపడి ఉన్నాయి. భావనారాయణ దగ్గలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాడు.

బసవపున్నయ్యగారు ఒక పుస్తకం మూసి ఇంకోటి తీసుకోబోతూ బోను వైపు తిరిగారు. తిరిగినవారు అలాగే నిలబడిపోయారు. తర్వాత చెయ్యెత్తి జడ్జీగారికి చూపించారు.

జడ్జీగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏం చేస్తున్నావమ్మా?"

రావమ్మ ఉలిక్కిపడింది. "తెగినవి ఉంటే... అతుకుతున్నానండి."

"ఇక రాదన్నావు కదా?"

అప్పుడు చూసుకుంది తన చేతుల వంక. పక్కపక్కన వరసగా అతుకులు. ఒకదాన్ని పట్టుకుని లాగింది. ఊడలేదు. ఇంకోటి లాగింది. ఊడలేదు. ముఖమంతా విప్పారింది. కోర్టు, ప్లీడర్లు, కేసు, ఏదీ గుర్తులేదు.

"రాదనే అన్నానండి. ఇందాకటిదాకా రాలేదు. ఇదుగో, ఇప్పుడొచ్చిందండి!"

హాలంతా గొల్లుమంది. జడ్జీగారు నవ్వలేదు. పడుగు ఇటు తెమ్మని, ఒక అతుకుని తనే రెండు వేళ్లతో లాగి చూశారు. తర్వాత చాలాసేపు రాసుకున్నారు. మరియదాసు రుమాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

బయట వరండాలో అతని కోపం చూడాలి. "రెండేళ్లు! రెండేళ్లు తిరిగానమ్మా ఈ కేసు కోసం. అబద్ధం చెప్పమన్నానా? ఊరికే చేతులు కట్టుకుని నిలబడమన్నాను. అదొక్కటి చెయ్యలేకపోయావా!"

"తప్పేనండి, బాబుగారూ" అంది రావమ్మ. అంటూనే నవ్వుతోంది. నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుంది గానీ కళ్లు దాగలేదు. ఆ నవ్వు చూసి మరియదాసు కోపం ఎటో పోయింది. గోడకి ఆనుకుని, "పోనీ, ఎలా వచ్చిందది?" అని అడిగాడు.

"తెలీదండి."

తిరుగుబస్సులో తెలిసింది. కిటికీ పక్కన కూర్చుని ఆ బోనుని తలుచుకుంటుంటే. గుమాస్తా పడుగుని తిరగేసి పడేశాడు. ఇంట్లో పోగులు ఎప్పుడూ ఆవిడకి కుడివైపు నుంచి వచ్చేవి. బోనులో ఎడమవైపు నుంచి వచ్చాయి. ఎడంచెయ్యి ఎప్పుడూ నలిపినట్టే నలిపింది. ఇంట్లో ఆ నలుపు పోగుకి వడికినప్పుడు పడ్డ మెలిని విప్పేసేది, ఇక్కడ అదే నలుపు మెలిని బిగించింది. అంతే. ఇంట్లో రెండేళ్లూ పాత చోటే కూర్చుంది. మగ్గానికి ఎదురు వైపు కూర్చోవాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు, ఆయనకీ రాలేదు. చెయ్యి దద్దమ్మ కాదు. కూర్చున్న చోటు తప్పు.

నిజమో కాదో చూడాలని కొత్త చీర కొంగు చివర రెండు పోగులు లాగి, తెంపి, తిప్పి పట్టుకుని అతికింది. నిలబడింది.

"అయ్యయ్యో, కొత్త చీరే!" అన్నాడు భావనారాయణ.

"మళ్లీ నేస్తావులే" అంది. అని, ఊరొచ్చేదాకా కబుర్లు చెబుతూనే ఉంది. బల్లి సంగతి, పంకా సంగతి, బసవపున్నయ్యగారు ముక్కుపొడుం పీల్చేటప్పుడు జడ్జీగారు ముఖం తిప్పుకున్న సంగతి. రెండేళ్ల కబుర్లు. వెనక సీట్లో సత్యం నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుని వింటున్నాడు.

మర్నాడు రావమ్మ పీట తీసుకెళ్లి మగ్గానికి ఎదురు వైపు వేసుకుంది. పని నెమ్మది. మునుపు ఒక పూటలో అయ్యేది ఇప్పుడు రెండు రోజులకి గానీ తెమలదు. వేళ్లు బొబ్బలెక్కాయి. అయినా భావనారాయణ పడుగు మొదటినుంచి చివరిదాకా తనే అతికింది. ఇక వీధి పిలుస్తుందని పొద్దున్నే లేచి, పొయ్యి మీద గిన్నె దింపుకుని, బూడిద చిప్ప గుమ్మం పక్కన పెట్టుకుని కూర్చుంది.

ఎవరూ పిలవలేదు. ఆ రోజూ లేదు, ఆ వారమూ లేదు. సత్యం అమ్మాయిని పెరటి దోవనే తెచ్చుకుంటున్నాడు. కోర్టులో కళ్లారా చూసిన మనిషే అలా చేస్తుంటే రావమ్మకి కోపం ముంచుకొచ్చింది. చెయ్యి పోయినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. "కుంటిచెయ్యి అతుకులు వద్దనుకుంటున్నారు కాబోలు" అంది భర్తతో. బూడిద చిప్ప గుమ్మం దగ్గర్నుంచి తీసి పొయ్యి పక్కన పెట్టేసింది.

తీర్పు వానలు మొదలయ్యాక వచ్చింది. మరియదాసే వచ్చి చదివి చెప్పాడు. తప్పు వ్యానుదే. నలుగురు మనుషులు కర్రలతో ఎత్తి పట్టుకున్న పడుగు కిందినుంచి, పైన ఏముందో చూసుకోకుండా బండి పోనివ్వడం నిర్లక్ష్యమే. వ్యాను మనిషిని ముట్టుకోకపోయినా జరిగింది వ్యాను వల్లే. ఇంతవరకూ బాగుంది. పరిహారం మాత్రం అడిగినదానిలో సగం కూడా లేదు. పనితనం పూర్తిగా పోలేదని కోర్టే స్వయంగా చూసిందని రాశారు.

భావనారాయణ ఖాళీ మూల వంక ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు. రెండో మగ్గం మాట ఇంక ఎత్తలేదు. సాయంత్రం బియ్యం బస్తా తెచ్చి ఆ మూల పెట్టాడు. "పై కోర్టుకి పోదామా?" అని మరియదాసు అడిగితే రావమ్మ వద్దంది. "మళ్లీ బోనెక్కితే మళ్లీ అతుకుతానండి" అంది. మరియదాసు దండం పెట్టి, అమ్మకి చీర కొనుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున రావమ్మ పొయ్యి రాజేస్తోంది. గుమ్మంలో అలికిడైంది. తలెత్తితే సత్యం. చేతిలో బూడిద చిప్ప.

"రావమ్మా, పడుగెక్కించాం. వస్తావా?"

ఆవిడ లేవలేదు. పొయ్యి వంకే చూస్తూ, "ఇన్నాళ్లకి గుర్తొచ్చానా, బావగారూ?" అంది.

"పిచ్చి మొహమా!" అన్నాడు సత్యం. "కేసు నడుస్తుంటే నిన్నెలా పిలుస్తాం? పనిలో కూర్చోగా బీమావాళ్లు ఎవరైనా వచ్చి చూస్తే? తీర్పొచ్చేదాకా ఒక్కరూ పిలవకూడదని కోర్టునుంచి వచ్చిన రాత్రే వీధంతా ఒట్టేసుకున్నాం. నీకు చెబితే, మళ్లీ బోనెక్కిస్తే అనేస్తావని చెప్పలేదు. ఆ అమ్మాయి అతుకులతో నా ప్రాణం పోతోంది. రోజుకి పది ఊడుతున్నాయి."

రావమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి మీద గిన్నె దింపింది.

"నెమ్మదిగా చేస్తాను, బావగారూ."

"చెయ్యి. పడుగెక్కడికీ పోదు."

"అయితే ముందు నడవండి" అంది, ఆయన చేతిలోంచి బూడిద చిప్ప తీసుకుంటూ. "పీట ఎదురు వైపు వెయ్యమనండి."